బోర్డు తుడిచి వెళ్ళు

సగం గడ్డం గీయించుకుని చచ్చిపోవడం ఏ మనిషికీ మర్యాద కాదు. బాబాయ్‌కి ఆ గతే పట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం, జనం కిటకిటలాడే వీధిలో, బార్బర్ షాపు కుర్చీ వెనక్కి వాల్చుకుని కళ్ళు మూసుకున్నాడు. మెడ చుట్టూ తెల్లగుడ్డ. ఎడమ బుగ్గ మీద నురగ. కొరియర్ యూనిఫారంలో ఒక మనిషి లోపలికొచ్చి, "పార్సిల్ సార్, సంతకం పెట్టాలి" అన్నాడు. బాబాయ్ కళ్ళు తెరిచేలోపు సైలెన్సర్ రెండుసార్లు దగ్గింది. కొరియర్ మనిషి సంతకం కోసం ఆగలేదు. మిగతా సగం గీయాలా వద్దా తెలియక బార్బర్ కత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

బాబాయ్ జేబులో దొరికిన కార్డు ప్రకారం అతను ఇన్సూరెన్స్ ఏజెంటు. ఏజెంటన్న మాట వరకు నిజమే. అతను పనిచేసిన సీక్రెట్ డిపార్ట్‌మెంట్‌కి పేరు లేదు. దాని హెడ్డాఫీసు బయటికి మాత్రం ఒక ట్యుటోరియల్. కింద హాల్లో ఆదివారం తప్ప వారమంతా నిజంగానే కుర్రకారుకి స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతారు. పైగదిలో దేశాన్ని కాపాడతారు. ఫీజు కింద హాల్లోనే ఎక్కువ.

అక్కడ పేర్లతో పిలుచుకోరు. చీఫ్‌ని మాస్టారు అంటారు. గాడ్జెట్లు చేసే ముసలాయన కంసాలి. శత్రువుల మధ్య తిరిగే డబుల్ ఏజెంట్ వదిన. ఎక్కడికి పంపినా మంచి హోటలూ మంచి బట్టలూ కావాలని పేచీ పెట్టే ఫీల్డ్ ఏజెంట్ అల్లుడు. వదినకి అల్లుడు ఏమవుతాడని ఎవరూ అడగరు. ప్రాణాలకే లెక్కలేని చోట చుట్టరికాలకి లెక్కలేమిటి?

శనివారం పొద్దున అల్లుడికి కబురొచ్చింది.

మాస్టారు సుద్దముక్కలా సన్నగా, తెల్లగా, శుభ్రంగా ఉంటాడు. పూర్వం నిజంగానే ఇంగ్లీష్ చెప్పిన మనిషి. ఉద్యోగం మారినా బుద్ధి మారలేదు. ఏ మిషన్‌కి పంపినా ముందు బోర్డు మీద ఒకేలా కనిపించే రెండు ఇంగ్లీష్ మాటలు రాసి, తేడా చెప్పమంటాడు. చెప్పలేనివాణ్ణి మిషన్‌కి పంపడు. ఏజెంట్లందరికీ ఇదొక తలనొప్పి. కానీ మాటలు మాత్రం ఊరికే రాయడు. ఒకసారి 'ఎమినెంట్, ఇమినెంట్' రాసిన వారంలోనే ఒక ప్రముఖుడి మీదికి ప్రమాదం ముంచుకొచ్చింది.

ఆ రోజు బోర్డు మీద 'డిపెండబుల్, ఎక్స్‌పెండబుల్' అని ఉంది.

"ఏమోయ్ అల్లుడూ, తేడా చెప్పు."

"మొదటిది నేను మాస్టారూ. రెండోది నా జీతం."

మాస్టారు నవ్వలేదు. "చూడ్డానికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. తోక ఒకటే, తలకాయలే వేరు. డిపెండబుల్ అంటే నమ్ముకోదగ్గవాడు. చెప్పమన్నది చెబుతాడు, వద్దన్నది చంపినా చెప్పడు. ఎక్స్‌పెండబుల్ అంటే వాడి పారేయదగ్గవాడు. వాడు పోయినా పని ఆగదు."

"బాబాయ్ ఏ తలకాయ మాస్టారూ?"

"పాఠం అయ్యాక ప్రశ్నలు." మాస్టారు కుర్చీలో కూర్చున్నాడు. "ఆపరేషన్ అతిథి. యుద్ధం ఆపే ఒప్పందం మీద సంతకం పెట్టడానికి పక్కదేశం నుంచి రాయబారి వస్తోంది. రేపు సాయంత్రం నాలుగింటికి. నార్త్ స్టేషన్, మొదటి ప్లాట్‌ఫారం. ఆవిణ్ణి మన గడ్డ మీద చంపి యుద్ధం తెప్పించాలని ఒక విదేశీ ముఠా కాచుకుని ఉంది. దాని లీడర్ పళ్ళ డాక్టరు. బాబాయ్‌ని కాల్చినవాడు వాడి మనిషే. పోస్ట్‌మాన్ అంటారు. ఈసారి బాంబు తెస్తాడు."

అల్లుడి చెవి మొదటి ప్లాట్‌ఫారం అన్న మాట దగ్గరే ఆగిపోయింది.

నార్త్ స్టేషన్ మొదటి ప్లాట్‌ఫారం మీద అతని అక్క టీ కొట్టు నడుపుతోంది. అమ్మానాన్నా పోయాక ఆ కొట్టు మీదే అతన్ని పెంచింది. తను పస్తుండి అతనికి బూట్లు కొన్న మనిషి. తమ్ముడు ఊరూరా తిరిగి నీళ్ళ పంపులు అమ్ముతాడని ఆవిడ నమ్మకం. "ఒక్క పంపు అమ్మిన పాపాన పోలేదు గానీ కోటు మాత్రం కొత్తది, సన్నాసి" అని తిడుతుంది. ఈ లోకంలో అతనికున్నది ఆవిడ ఒక్కతే.

"మాస్టారూ, రేపొక్కరోజు కొట్టు మూయమని మా అక్కకి..."

"మూసిన కొట్టు చూస్తే శత్రువుకి అనుమానం వస్తుంది. వద్దు."

"సరేనండి." ఆ మాట అనడం అతనికి ఇష్టం లేదు. అయినా అన్నాడు.

"అదీ డిపెండబుల్ అంటే," అన్నాడు మాస్టారు. "రేపు పేషెంట్ వేషంలో డాక్టరు క్లినిక్‌కి వెళ్ళు. వదిన అక్కడ అసిస్టెంట్‌గా ఉంది. పోస్ట్‌మాన్ ఏ వేషంలో వస్తాడో నీకు చెబుతుంది. పట్టుబడితే స్టేషన్ పేరు నీ నోట్లోంచి రాకూడదు."

"ప్రాణం పోయినా రాదు."

"తెలుసు. అందుకే నువ్వు."

పక్కగదిలో కంసాలి అతని చొక్కా కాలరుకి కొత్త గుండీ కుట్టాడు. తల వంచితే పళ్ళకి అందే గుండీ. కొరికితే క్షణంలో ప్రాణం పోతుంది. ఏజెంట్లందరికీ ఇలాంటిదొకటి ఉంటుంది. వదినకైతే చెవికమ్మల్లో ముత్యం. ఎప్పుడూ వేళాకోళం ఆడే ముసలాయన ఆ రోజు తలెత్తి చూడలేదు. సూది రెండుసార్లు వేలికి గుచ్చుకుంది.

"చేదుగా ఉంటుందా కంసాలీ?"

"తెలీదు నాయనా. తిన్నవాళ్ళెవరూ వచ్చి చెప్పలేదు."

వెళ్ళబోతుంటే మాస్టారు బోర్డు తుడుస్తున్నాడు. అదీ ఆయన రూలే. శత్రువుకి ఒక్క అక్షరం మిగలకూడదు. "బోర్డు తుడవకుండా గది వదిలినవాడు ప్రాణం వదిలినట్టే" అని ప్రతి ఏజెంటుకీ నూరిపోశాడు. ఒకసారి కింద హాల్లో మంటలు లేస్తే, అందరూ పరిగెడుతుంటే, ఈయన మాత్రం దగ్గుతూ బోర్డు తుడిచి మరీ బయటికొచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం పళ్ళ క్లినిక్ వెయిటింగ్ రూంలో ముగ్గురు పేషెంట్లు దవడలు పట్టుకుని కూర్చున్నారు. గాజుతొట్టిలో చేపలు నోళ్ళు తెరుస్తూ మూస్తూ తిరుగుతున్నాయి. లోపల్నించి డ్రిల్లు చప్పుడూ, వెంటనే ఒక కేకా వినిపించాయి. కూర్చున్నవాళ్ళు జాలిగా తలలూపారు. ముఠాకి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. మనిషి ఎంత అరిచినా ఇక్కడ ఎవరూ పోలీసుల్ని పిలవరు, పైగా టోకెన్ తీసుకుని తమ వంతు కోసం కూర్చుంటారు.

వదిన కౌంటర్ దగ్గర నిలబడి ఉంది. తెల్లకోటు వేసుకున్నా సినిమా పోస్టర్‌లోంచి దిగొచ్చినట్టుండే మనిషి. చెవులకి ముత్యాల కమ్మలు.

మీసం పెట్టి, బుగ్గలో దూది కుక్కుకున్న అల్లుడు కోడ్ చెప్పాడు. "ఎడమ దవడండి. వాన పడితేనే నొప్పి."

"ఎండకాలం వచ్చి ఉండాల్సింది," అంది వదిన. అదే జవాబు కోడ్. "ముందు మీరు రండి."

లోపల కుర్చీలో కూర్చోబెట్టింది. వెనక్కి వాల్చింది. చేతులకి పట్టీలు బిగించింది.

"పేషెంట్లు కదలకుండా," అంది మెల్లగా. ఆమె కళ్ళు అతని కళ్ళని తప్పించుకున్నాయి.

కాళ్ళకి కూడా పట్టీలు పడ్డాక అల్లుడికి అర్థమైంది. అప్పటికే తలుపు గడియ పడింది. డాక్టరు లోపలికొచ్చాడు. గుండ్రటి మొహం, మెత్తటి చేతులు, చంటిపిల్లల డాక్టరుకి ఉండాల్సిన నవ్వు.

"రండి రండి అల్లుడు గారూ. మా ఇంటికొచ్చిన అల్లుడికి మర్యాద చెయ్యకుండా పంపుతామా?" మీసం పీకాడు. నోరు తెరిపించి అద్దం పెట్టి ప్రతి పన్నూ తట్టి చూశాడు. "విషం గుళిక పళ్ళలో దాస్తారని విన్నాను. లేదే! ఒక్క పన్నూ పుచ్చలేదు. పాపం, మంచి పళ్ళు." అలవాటుగా డ్రిల్లు అందుకున్నాడు.

బయట హాల్లో పేషెంట్లు మళ్ళీ జాలిపడ్డారు. అంతకన్నా వివరం చెబితే చదివేవాళ్ళు జన్మలో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళరు. రెండు పళ్ళు పోయాక డాక్టరు చెమట తుడుచుకున్నాడు.

"చూడు బాబూ, నేను అడిగేది చిన్న విషయం. రాయబారి నార్త్ స్టేషన్‌లో దిగుతుందని ఈవిడ చెప్పింది. పోస్ట్‌మాన్‌ని అక్కడికే పంపాను. నాలుగింటికి టైమర్ పెట్టేశాడు. కానీ నాది పళ్ళ వైద్యం. ఒక నోటి మాట మీద పోను. రెండో నోరు నీది. అవునంటావా, కాదంటావా?"

అల్లుడు వదిన వైపు చూశాడు. అమ్ముడుపోయింది అనుకున్నాడు. తన నోట్లో రక్తం కంటే ఆ ఆలోచన ఎక్కువ చేదుగా ఉంది.

"చావు," అన్నాడు డాక్టరుతో.

డాక్టరు ఫోను తీసి నంబరు తిప్పాడు. "మనవాడు చోట్లోనే ఉన్నాడో లేదో చూద్దాం." రిసీవరు అవతల గొంతు గది మొత్తానికి వినిపించింది.

"హలో, టీ కొట్టు! ఎవరు కావాలి? హలో! ఫోను చేసి మూగనోమేంటి? ఇక్కడెవరో కొరియర్ ఆయన బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్నాడు, ఆయనకా?"

అక్క గొంతు.

ఆ డాక్టరుకి ఆమె ఎవరో తెలియదు. స్టేషన్‌లో పబ్లిక్ ఫోను ఆ కొట్టులోనే ఉందని మాత్రం తెలుసు. "వద్దులెండి," అని పెట్టేశాడు. అల్లుడు మాత్రం లెక్క వేసుకున్నాడు. బాంబు అక్క కూర్చునే చోటికి చేతిదూరంలో ఉంది. తను అవునంటే అక్క చచ్చిపోతుంది. కాదంటే డాక్టరు నమ్మడు, డ్రిల్లు పెడతాడు, ఎంతసేపు ఓర్చుకోగలడో తనకే తెలియదు. నోరే లేకుండా పోతే? రెండో నోరు లేనిదే ఈ డాక్టరు అడుగు ముందుకెయ్యడు. పోస్ట్‌మాన్‌ని వెనక్కి పిలుస్తాడు. అక్క బతుకుతుంది.

డాక్టరు ఇటు తిరిగేలోపు అల్లుడు తల వంచి గుండీ కొరికాడు. కళ్ళు మూసుకున్నాడు. బూట్లు కొన్న రోజు అక్క మొహం తలుచుకున్నాడు.

నాలుక మీద ఏదో కరిగింది. చావు వస్తుందని ఎదురుచూశాడు.

తియ్యగా ఉంది.

చక్కెర. వట్టి చక్కెర. ఇంట్లో డబ్బాలో ఉండేది.

డాక్టరు ఎక్స్‌రే తేవడానికి పక్కగదిలోకి వెళ్ళాడు. వదిన దూదితో అతని గడ్డం మీద రక్తం తుడుస్తూ గుసగుసలాడింది. "నన్ను తిట్టుకోకు అల్లుడూ. నిన్ను పట్టివ్వమన్నది మాస్టారే. స్టేషన్ అని డాక్టరుకి చెప్పమన్నదీ ఆయనే. రాయబారి వచ్చేది అక్కడికి కాదు, రేవుకి, పడవ మీద. నీలాంటివాడు ఎంత కొట్టినా చెప్పకుండా, చివరికి ఓర్చుకోలేక చెబితేనే డాక్టరు నమ్ముతాడన్నారు. చెప్పాక గుండీ కొరుక్కుంటావు, బాధ ఉండదు అన్నారు."

"కొరికాను వదినా," అన్నాడు అల్లుడు ఊడిన పళ్ళ సందుల్లోంచి. "చక్కెర."

ఆమె చెయ్యి ఆగిపోయింది.

"చెప్పకుండా చచ్చిపోతానేమోనని చక్కెర పెట్టించాడు. మా అక్క అదే ప్లాట్‌ఫారం మీద ఉందని ఆయనకి తెలుసు. అక్క ఉంది కాబట్టే నేను గట్టిగా ఓర్చుకుంటానని, అప్పుడే అబద్ధానికి విలువ పెరుగుతుందని ఆ స్టేషనే ఎంచుకున్నాడు." అతనికి ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాడు. డిపెండబుల్‌కీ ఎక్స్‌పెండబుల్‌కీ తేడా అడిగి, మాస్టారు తనకి తేడా లేదనే పాఠం చెప్పాడు.

వదిన చెవికమ్మ తడుముకుంది. ఆమె మొహంలో భయం మెల్లగా కోపంగా మారింది. "మరి నాదో?"

డాక్టరు కాఫీ కప్పు ట్రాలీ మీద పొగలు కక్కుతోంది. ఆమె ఎడమ కమ్మ ఊడదీసి ముత్యం కప్పులో వేసి స్పూనుతో కలిపింది. విషమైతే డాక్టరు ఇక్కడే పడతాడు, పీడా పోతుంది. విషం కాకపోతే తన విలువెంతో తనకి తెలుస్తుంది.

డాక్టరు ఎక్స్‌రే దీపానికెత్తి చూస్తూ వచ్చాడు. కప్పు అందుకున్నాడు. ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క.

"చక్కెర ఎక్కువేశావ్," అన్నాడు.

"సారీ డాక్టర్," అంది వదిన. "చెయ్యి జారింది."

అల్లుడు ఆమెనే చూస్తున్నాడు. ఆమె తల రవ్వంత ఊపింది. చాలు.

డాక్టరు డ్రిల్లు మీద చెయ్యి వెయ్యగానే అల్లుడు బావురుమన్నాడు. సగం నటన, సగం నిజం. "చెబుతాను! ఆపు! స్టేషన్ వట్టి ఎర. రాయబారి పొద్దున్నే వచ్చేసింది. మా హెడ్డాఫీసులో దాచారు. పైకి ట్యుటోరియల్. నాలుగింటికి అక్కణ్ణించి కారెక్కుతుంది. నిజంగా స్టేషన్ అయితే నన్ను అక్కడ కాపలా పెట్టరా? పళ్ళు పీకించుకోడానికి నీ దగ్గరికి పంపుతారా?"

డాక్టరు వదిన వైపు తిరిగాడు. "నువ్వు స్టేషన్ అన్నావ్."

"నాకు అలాగే చెప్పారు," అంది వదిన తొణక్కుండా. "కానీ పొద్దున ఆ ట్యుటోరియల్ ముందు అద్దాలు మూసిన నల్లకారు చూశాను. ఆదివారం పూట ఇంగ్లీష్ నేర్చుకోడానికి కార్లో ఎవరొస్తారు?"

డాక్టరు గోడ గడియారం చూశాడు. ఒక్క అంగలో ఫోను దగ్గరికెళ్ళాడు.

నార్త్ స్టేషన్‌లో అక్క ఫోనెత్తింది. అప్పటికి పోస్ట్‌మాన్ టీ తాగేసి, బ్యాగు బెంచీ కింద వదిలేసి, ఓవర్‌బ్రిడ్జి మెట్లెక్కి సగం దూరం వెళ్ళిపోయాడు. అక్క కొట్టులోంచి బయటికొచ్చి ప్లాట్‌ఫారం అదిరిపోయేలా అరిచింది. "ఓ కొరియర్ బాబూ! నీకే ఫోను! బ్యాగు కూడా ఇక్కడే పారేసుకుపోతున్నావ్, మతిమరుపు సన్నాసీ!"

స్టేషన్ మొత్తం తనవైపు తిరిగి చూస్తుంటే పోస్ట్‌మాన్ ఏం చేస్తాడు? వెనక్కొచ్చాడు. ఫోను విన్నాడు. నవ్వు తెచ్చిపెట్టుకుని బ్యాగు భుజానికి తగిలించుకుని టాక్సీ కోసం పరిగెత్తాడు. టైమర్ మార్చడానికి వీల్లేని రకం. అది నాలుగింటికే పేలుతుంది. అక్క మాత్రం టీ డబ్బులివ్వలేదని వెనకనుంచి ఇంకా అరుస్తూనే ఉంది.

క్లినిక్‌లో డాక్టరు ఫోను పెట్టేసి సంతోషంగా చేతులు రుద్దుకున్నాడు. అప్పుడు చూశాడు. "అదేంటి, నీ చెవికి కమ్మ ఒకటే..."

మాట పూర్తికాలేదు. మత్తుమందు సూది అతని మెడలో దిగింది. సిరంజిలో ఉన్నదంతా ఎక్కించేసింది వదిన. చిన్నపిల్లాడిలా నేల మీద ఒరిగిపోయాడు. ఆమె అల్లుడి పట్టీలు విప్పింది. ఇద్దరూ కలిసి డాక్టర్ని అదే కుర్చీలో పడుకోబెట్టి అవే పట్టీలు బిగించారు.

"మాస్టారికి ఫోన్ చేస్తావా?" అంది వదిన. "నేనైతే చెయ్యను."

అల్లుడు గడియారం చూశాడు. నాలుగు కావడానికి కొంచెమే టైముంది. పైగదిలోంచి మనిషి పారిపోవడానికి అది చాలు. ఇంకేపనైనా చేసి పారిపోవడానికి చాలదు.

నంబరు తిప్పాడు.

"హలో," అన్నాడు మాస్టారు. ఆదివారం ట్యుటోరియల్‌లో ఆయన తప్ప పురుగుండదు.

"అల్లుణ్ణి మాస్టారూ."

ఆ గొంతు మళ్ళీ వింటానని ఆయన అనుకోలేదు. "ఏమోయ్... బతికే ఉన్నావా? స్టేషన్..."

"స్టేషన్ బాగానే ఉందండి. మా అక్కా బాగానే ఉంది. ఈపాటికి బాంబు మీ మెట్ల కిందికొచ్చి ఉంటుంది. నేనే పంపాను."

"ఒరేయ్!" జీవితంలో మొదటిసారి మాస్టారి గొంతు వణికింది. "నేను... నేను లేకపోతే డిపార్ట్‌మెంటే లేదురా! నేను ముఖ్యమైనవాణ్ణి!"

"అందరూ అలాగే అనుకుంటారండి. వెనక మెట్లున్నాయి, పరిగెత్తండి. టైముంది." అల్లుడు ఒక్క క్షణం ఆగాడు. ఆగకుండా ఫోను పెట్టేసి ఉంటే ఈ కథ వేరుగా ఉండేది. ఊడిన పళ్ళ చోట నాలుక తగిలింది. ఇంకా తియ్యగానే ఉంది. "మాస్టారూ, రేవు ప్లానంతా బోర్డు మీదే ఉండుంటుంది. తుడిచి వెళ్ళండి."

ఫోను పెట్టేశాడు.

పేలబోయే బాంబు గోడల్నే మిగల్చదు, ఇక బోర్డు మీద గీతలెంత? పసిపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. కానీ నలభై ఏళ్ళ అలవాటు పసిపిల్లాడి కంటే మొండిది. మాస్టారు వెనక మెట్ల దాకా పరిగెత్తాడనీ, అక్కణ్ణించి తిరిగి గదిలోకి వెళ్ళాడనీ ఎదురింటి మేడ మీద బట్టలారేస్తున్న ఇల్లాలు తర్వాత పోలీసులకి చెప్పింది. కిటికీలోంచి చూస్తే ముసలాయన దేన్నో గబగబా రుద్దుతున్నాడట.

నాలుగింటికి రేవులో పడవ ఆగింది. రాయబారి గొడుగు పట్టుకుని నవ్వుతూ దిగింది. సరిగ్గా అప్పుడే ఊరి అవతల పెద్ద చప్పుడైంది. ఉరుమనుకుని ఆవిడ ఆకాశం వైపు చూసింది. రాత్రి లోపు ఒప్పందం మీద సంతకాలైపోయాయి. పోస్ట్‌మాన్ బస్టాండులో దొరికిపోయాడు. డాక్టరుకి మెలకువ వచ్చేసరికి చుట్టూ పోలీసులున్నారు, వాళ్ళలో ఒకడు డ్రిల్లు ఎలా ఆన్ చెయ్యాలో అడుగుతున్నాడు.

మాస్టారి కుర్చీ మూడోరోజుకల్లా అల్లుడికిచ్చారు. పైనుంచి వచ్చిన పెద్దమనిషి అతని భుజం తట్టి, "మీరు చాలా డిపెండబుల్" అన్నాడు. అల్లుడు కొత్త కట్టుడుపళ్ళతో నవ్వాడు.

ఇప్పుడు అందరూ అతన్నే మాస్టారు అంటున్నారు. కొత్త బిల్డింగ్, కొత్త బోర్డు, పెద్ద కుర్చీ. మొదట్లో ఆ కుర్చీలో కూర్చుంటే ఒళ్ళు జలదరించేది. తర్వాత మెత్తగానే ఉందనిపించింది. అక్క మాత్రం, "పంపులు మానేసి ఆఫీసు పెట్టావా, ఇప్పుడైనా ఒక్కటి అమ్ము" అంది.

చలికాలానికి ఇంకో ముఠా బయల్దేరింది. ఒక అబద్ధం శత్రువు చెవిలో వెయ్యాలి. వాళ్ళు నమ్మేలా చెప్పాలంటే గట్టి మనిషి కావాలి. అంత గట్టి మనిషి ఒక్కతే ఉంది. వదిన ఊడదీసిన కమ్మ స్థానంలో కంసాలి కొత్త ముత్యం చేసి తెచ్చి, తలవంచుకుని నిలబడ్డాడు.

"ఇందులో ఏం పెట్టమంటారు మాస్టారూ? మామూలుదా, తీపిదా?"

కొత్త మాస్టారు చాలాసేపు కిటికీలోంచి చూశాడు. ఆమె సూది పొడవకపోతే తను ఈ కిటికీ దగ్గర ఉండేవాడు కాదు. ఆ సంగతి అతనికి బాగా గుర్తుంది. గుర్తుంటే మాత్రం ఏం లాభం? మిషన్ పెద్దది, మనిషి ఒక్కతే. కుర్చీలోంచి చూస్తే లెక్క అలాగే కనిపిస్తుంది.

"తీపిదే," అన్నాడు.

మర్నాడు వదిన బ్రీఫింగ్‌కి వచ్చింది. నల్లకోటు, ఎర్ర స్కార్ఫు, చెవులకి రెండు ముత్యాలు. బోర్డు మీద రెండు మాటలున్నాయి. చదివి నవ్వింది.

"ఇవే మాటలా? వేరేవి దొరకలేదా మాస్టారూ?"

"పాతవే అయినా పనికొస్తాయి. తేడా చెప్పు."

"మీరు ఆ కుర్చీలో కూర్చోకముందు నాకూ తెలీలేదు. ఏ కుర్చీలో కూర్చున్నామన్నదే తేడా."

ఆమె మెల్లగా ఎడమ చెవి కమ్మ ఊడదీసింది. టేబుల్ మీదున్న అతని కాఫీలో ముత్యం వేసింది. స్పూనుతో నిదానంగా కలిపి కప్పు అతని ముందుకి జరిపింది.

"తాగండి."

అతను కప్పు చూశాడు. ఆమెని చూశాడు. తాగితే తనకి ఏమీ కాదని అతనికి తెలుసు. తాగి ఏమీ కాకపోతే ఆమెకి అంతా తెలిసిపోతుందని కూడా తెలుసు. చల్లగా ఉన్న గదిలో నుదుటికి చెమట పట్టింది. మర్యాదగా నవ్వి కప్పు పక్కకి నెట్టేశాడు.

"వద్దులే వదినా. కట్టుడుపళ్ళు పెట్టించుకున్నాక చక్కెర మానేశాను."

వదిన లేచింది. తలుపు దగ్గరికి వెళ్ళి లోపలి గడియ పెట్టింది. డస్టర్ చేతిలోకి తీసుకుంది.

"చక్కెరని నేను అనలేదే మాస్టారూ! మీరు కూర్చోండి. ఇవాళ బోర్డు నేను తుడుస్తాను."